మెడికేర్ పార్ట్ బి వాయిదా: కోబ్రాతో జాగ్రత్త

65 ఏళ్లు నిండుతున్నా ఉద్యోగంలోనే ఉన్నందున, అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో వైద్యుల ఫీజులు, ఔట్‌పేషెంట్ సేవలకు వర్తించే పార్ట్ బి ప్రీమియం దండగ కదా, వాయిదా వేయవచ్చా అని మీరు అడిగారు. మీ సంస్థలో 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులుండి, బీమా ఆ ఉద్యోగం ద్వారానే వస్తున్నట్లయితే నిశ్చింతగా వాయిదా వేయవచ్చు. ఉద్యోగం, బీమాలలో ఏది ముందు ముగిస్తే అప్పటినుంచి 8 నెలల్లోపు చేరితే అపరాధ రుసుము ఉండదు.

చాలామంది బోల్తాపడేది కోబ్రా దగ్గర. అది ఉద్యోగం మానాక సొంత ఖర్చుతో పొందే పాత బీమా కొనసాగింపే అయినా, ప్రస్తుత ఉద్యోగం ద్వారా వచ్చిన బీమాగా లెక్కకు రాదు కనుక, దాన్ని నమ్ముకొని ఆ గడువు దాటిస్తే, ఆలస్యమైన ప్రతి పూర్తి 12 నెలలకూ ప్రీమియం 10 శాతం చొప్పున పెరిగి, సాధారణంగా పార్ట్ బి ఉన్నంతకాలం ఆ భారం తప్పదు. నా దృష్టిలో ఇది తప్పుకు మించిన శిక్షే. హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతా)లో డబ్బు జమ చేస్తుంటే మాత్రం, ప్రీమియం లేని పార్ట్ ఏ (ఆసుపత్రి బీమా) కూడా ఇప్పుడే తీసుకోకండి; అందులో చేరితే ఆ జమకు అర్హత ఉండదు.