నవల అచ్చుకు లోన్ వద్దు, ముందు ఆరు నెలల ఖర్చు దాచండి

ప్రశ్న: ఆరేళ్లు కష్టపడి ఒక నవల రాశాను. పెద్ద ప్రచురణ సంస్థలు నాలుగు తిప్పి పంపాయి, రెండు జవాబే ఇవ్వలేదు. ఇప్పుడొక చిన్న సంస్థ వేస్తామంది. వాళ్ల ఎడిటర్ నవల రెండుసార్లు చదివి 12 పేజీల సూచనలు పంపారు, చాలా సంతోషమేసింది. 500 కాపీలు వేస్తారు. అందులో 300 కాపీలు ముఖవెల మీద 25 శాతం తగ్గింపుతో నేనే కొనాలి. మిగతా 200 వాళ్లు అమ్ముతారు, వాటి మీద నాకు 10 శాతం రాయల్టీ. నా వాటా కాపీలకు మూడు నెలల జీతం అవుతుంది. ఆవిష్కరణ సభకు, ప్రచారానికి మరో రెండు నెలల జీతం కావాలి. ఈ మొత్తం 15 శాతం వడ్డీకి, మూడేళ్ల గడువుతో పర్సనల్ లోన్ ఇస్తామని బ్యాంకు వాళ్లు ఫోన్ చేశారు. పుస్తకాలు అమ్ముడయ్యాక తీర్చేయొచ్చని నా ఆలోచన. ఇంట్లో సంపాదన నాదొక్కదానిదే. అమ్మ, పదేళ్ల బాబు నా దగ్గర ఉంటారు. జీతంలో 80 శాతం ఇంటి ఖర్చుకే పోతుంది. బ్యాంకులో ఒక నెల ఖర్చుకు సరిపడా డబ్బుంది. లోన్ తీసుకోనా, లేక కొంత క్రెడిట్ కార్డు మీద పెట్టనా?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండూ వద్దు. పర్సనల్ లోన్ వద్దు, క్రెడిట్ కార్డు అసలే వద్దు. నవల మాత్రం రావాలి. ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ ఆరేళ్లు ఒక నవలను పట్టుకుని కూర్చోవడం చిన్న విషయం కాదు. అందుకే కాస్త కటువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. పుస్తకం వేసుకునేవాళ్లు, పాటల ఆల్బమ్ చేసేవాళ్లు, షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లు, అందరిదీ ఒకటే పొరపాటు. ఇంకా జరగని అమ్మకాన్ని ఆదాయం కింద రాసుకుని, దాన్ని చూసుకుని అప్పు చేస్తారు. మీ ఉత్తరంలో ‘పుస్తకాలు అమ్ముడయ్యాక తీర్చేయొచ్చు’ అన్న మాట కింద నేను ఎర్ర గీత గీసి పెట్టుకున్నాను. ఆ మాట ఎంతవరకు నిలబడుతుందో చూద్దాం.

మీరు లెక్కంతా నెల జీతాల్లో చెప్పారు, నేనూ అలాగే చెబుతాను. 75 శాతం ధరకు 300 కాపీలు మూడు జీతాలైతే, వాటి పూర్తి ముఖవెల నాలుగు జీతాలు. ఐదు జీతాల లోన్ మీద 15 శాతం వడ్డీకి 36 నెలల ఈఎంఐ మీ జీతంలో సుమారు 17 శాతం అవుతుంది. గడువు ముగిసేసరికి మీరు కట్టేది దాదాపు ఆరుంపావు జీతాలు. ఇప్పుడు అన్నీ మీరనుకున్నట్టే జరిగాయనుకుందాం. 300 కాపీలూ ఒక్కటి మిగలకుండా, ఎవరికీ ఊరికే ఇవ్వకుండా, పూర్తి ధరకు మీరే చేత్తో అమ్మారు: నాలుగు జీతాలు వచ్చాయి. సంస్థ తన 200 కాపీలూ అమ్మేసింది: మీ రాయల్టీ 20 కాపీల ధర, అంటే జీతంలో పావు వంతు. మొత్తం నాలుగుంపావు. కట్టింది ఆరుంపావు. ప్రతి కాపీ అమ్ముడుపోయినా మీకు రెండు నెలల జీతం నష్టం. పార్సిల్ ఖర్చులు నేనింకా కలపలేదు.

షాపుల ద్వారా అమ్మితే ఇంకా అన్యాయం. పుస్తకాల షాపు ముఖవెలలో 40 శాతం దాకా తీసుకోవడం మామూలే, మధ్యలో పంపిణీదారుడుంటే అది సగం దాటుతుంది. ముఖవెల వంద అనుకుంటే, 75కి కొన్న పుస్తకాన్ని 60కో, 50 లోపుకో ఇస్తారు మీరు. అమ్ముడుపోనివి తిరిగొస్తాయి, నలిగిన అట్టలతో సహా. రాయల్టీ లెక్క చాలా సంస్థలు ఆరు నెలలకో ఏడాదికో ఇస్తాయి, తిరిగొచ్చే కాపీల కోసం కొంత ఆపుకుంటాయి కూడా. ఈఎంఐ మొదటి నెల నుంచే కట్ అవుతుంది.

ఇంతకీ నన్ను ఎక్కువ భయపెట్టింది ఈ నష్టం కాదు. ఒక్క జీతం మీద ముగ్గురు బతుకుతున్న ఇంట్లో చేతిలో ఉన్నది ఒక్క నెల ఖర్చు. ఖర్చులు పోను మీకు మిగిలేది జీతంలో 20 శాతం. అందులో 17 ఈఎంఐకి పోతే మిగిలేది 3. మూడేళ్లపాటు ఆ 3 శాతంతోనే బాబు జ్వరం, అమ్మగారి మందులు, పాడైపోయే ఫ్రిజ్జు, ఆలస్యమయ్యే జీతం, అన్నీ గడవాలి. గడవవు.

కొన్నేళ్ల కిందట ఒక రచయిత నన్ను సలహా అడిగి, లెక్కలు చూపించడానికి ఇంటికి పిలిచారు. మంచం కింద గోధుమ రంగు కాగితంలో చుట్టిన కట్టలు, కట్టకు 20 పుస్తకాల చొప్పున 13 ఉన్నాయి. అడుగున ఉన్న కట్టకు చెమ్మ తగిలి అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నవల నేను చదివాను, బాగుంది. ఆవిష్కరణ రోజున అరవై దాకా పోయాయట. కొన్నవాళ్లంతా స్నేహితులు, ఆఫీసు వాళ్లు. ఆ తర్వాత నెలకు రెండో మూడో. ఆయనా లోన్ తీసుకునే వేయించారు. చేతిలో పైసా నిల్వ లేదు. నాన్నగారికి ఆపరేషన్ వచ్చిన నెలలో కార్డు గీకారు, ఆ కార్డు బాకీ తీర్చడానికి ఇంకో కార్డు. అప్పు టెన్షన్‌లో పడి రెండో నవల మూడేళ్లు ముట్టుకోలేదు. ఆయనకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు, అంతే. అదుంటే ఆపరేషన్ గడిచిపోయేది, రాత ఆగేది కాదు.

ఇది ఈనాటి సంగతే కాదు. 1811లో ఇంగ్లిష్ రచయిత్రి జేన్ ఆస్టెన్ తన తొలి నవలను నష్టమొస్తే తానే భరించే ఒప్పందం మీద వేయించారు. నష్టం తప్పదనుకుని, తనకున్న కొద్దిపాటి రాబడిలోంచి దానికోసం ముందే కొంత పక్కన పెట్టుకున్నారని ఆమె అన్న హెన్రీ తర్వాత రాశారు. దాన్ని తీసే అవసరం రాలేదు. తొలి ముద్రణ అయిపోయి ఆమెకే 140 పౌండ్లు మిగిలాయి. అదే కాలంలో స్కాట్లాండ్ రచయిత వాల్టర్ స్కాట్ నవలలు విపరీతంగా అమ్ముడయ్యేవి. ఆయన ముద్రణ వ్యాపారంలో వాటా పెట్టుకుని, రాబోయే ఆదాయాన్ని నమ్మి హుండీల మీద హుండీలు, అంటే ఫలానా తేదీకి డబ్బు చెల్లిస్తామనే అప్పు పత్రాలు, రాశారు. 1826లో ఆ వ్యాపారం కూలి, 1,00,000 పౌండ్లకు పైగా అప్పు ఆయన నెత్తిన పడింది. 1832లో చనిపోయేదాకా దాన్ని తీర్చడానికే రాస్తూ పోయారు, అయినా పూర్తిగా తీరింది ఆయన పోయాకే. అంతమంది పాఠకులున్న మనిషి పరిస్థితే అది. మీ పాఠకులు ఇంకా మిమ్మల్ని చూడనేలేదు.

ఇక చేయాల్సింది. ఈఎంఐ కడతానని సిద్ధపడ్డారు కదా, ఆ డబ్బును, మిగిలే 3 శాతంతో కలిపి, మీకు మీరే కట్టుకోండి. జీతం పడిన రోజే 20 శాతం వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి, దానికి ఏటీఎం కార్డు తీసుకోవద్దు. ఇప్పుడున్నదీ కలుపుకుంటే ఎనిమిది నెలల్లో మూడు నెలల ఖర్చు చేతికొస్తుంది. అక్కడి నుంచి రెండున్నర నెలల పొదుపు అర జీతం. అది నవలది, దాంతో 50 కాపీలు కొనండి. తర్వాత మళ్లీ అదే ఖాతా, ఆరు నెలల ఖర్చు నిండేదాకా. ఏడాది వృథా అవుతుందని బెంగపడకండి. సూచనల ప్రకారం తిరగరాయడం, కాపీ ఎడిటింగ్, ప్రూఫులు, అట్ట బొమ్మ, ఇవన్నీ శ్రద్ధగా చేసే సంస్థలో ఎలాగూ ఏడాది పడుతుంది. ఈ నిల్వలోంచి ఆవిష్కరణ సభకు, కాపీలకు, ప్రచారానికి తీయకూడదు. మందులకు, స్కూలు ఫీజుకు, ఉద్యోగం పోతే బియ్యం ఉప్పుకు మాత్రమే.

సంస్థ సంగతి. చిన్న సంస్థలకు పెట్టుబడి తక్కువ, ఒకరిద్దరే అన్ని పనులూ చేస్తారు, తెలుసు. 12 పేజీల సూచనలు రాసే ఎడిటర్ దొరకడం మీ అదృష్టం. కానీ 300 కాపీల డబ్బు మీ దగ్గర నుంచే వచ్చేశాక, మిగతా 200 పాఠకుల చేతికి చేర్చాలన్న తొందర వాళ్లకు ఎందుకుంటుంది? మీ డబ్బుతోనే మొత్తం అచ్చు ఖర్చు వెళ్లిపోవచ్చు. 50 కాపీలు చాలంటూ ఉత్తరం రాయండి, 40 శాతం తగ్గింపు అడగండి. పంపిణీ ఎవరు చేస్తారు, సమీక్షలకు ఎన్ని కాపీలు పంపుతారు, రాయల్టీ లెక్క ఏ నెలలో ఇస్తారు, ఇవి రాతపూర్వకంగా కావాలి. కాపీరైట్ మీ పేరునే ఉండాలి. అచ్చు హక్కు కొన్నేళ్లకే ఇవ్వండి. కాపీలు అయిపోయాక మళ్లీ వేయకపోతే హక్కులు మీకు తిరిగి రావాలన్న మాట ఒప్పందంలో ఉండాలి.

ఆవిష్కరణ సభకు జీతం పోయాల్సిన పని లేదు. చదువరుల బృందాలు, గ్రంథాలయాలు పిలిస్తే చేతిలో పది కాపీలతో వెళ్లండి. చిన్న సంస్థ నవల ఒకరు చదివి ఇంకొకరికి చెబితేనే కదులుతుంది, దానికి నెలలు పడుతుంది. ముందస్తు ఆర్డర్లు, ఆర్డర్ వచ్చినప్పుడే అచ్చు వేసే పద్ధతి, ఈ-బుక్ కూడా చూడండి, వీటికి నిల్వ కాపీల బరువుండదు. టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు అందే జీవిత బీమా, గురించి మీరేమీ రాయలేదు. లేకపోతే ఈ నెలే తీసుకోండి, మీ సంపాదన మీద ఇద్దరు ఆధారపడి ఉన్నారు. ఆరోగ్య బీమా ఆఫీసు ఇచ్చింది మాత్రమే ఉంటే సొంతంగా ఇంకోటి కావాలి.

వాళ్లు 50 కాపీలకు ఒప్పుకోకపోతే రాతప్రతి మీ దగ్గరే ఉంటుంది, ఆ 12 పేజీల సూచనలూ మీ దగ్గరే ఉంటాయి. ఈ ఎనిమిది నెలల్లో సవరణలు పూర్తి చేసి ఇంకో సంస్థకు పంపండి. బ్యాంకు వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే లోన్ అక్కర్లేదని చెప్పేయండి.