బరువైన తొట్లు లోడర్‌తో జరపాలంటే వెనక బరువు ఉండాలి

అన్నా, హనుమకొండ నర్సరీలో మామిడి చెట్ల సిమెంటు తొట్లు ఎత్తగానే మినీ ట్రాక్టర్ వెనక చక్రాలు తేలుతున్నాయని రాశారు. తడి మట్టి లీటరుకు దాదాపు 1.5 నుంచి 2 కిలోలు తూగుతుంది. 200 లీటర్ల తొట్టిలో మట్టే 300 నుంచి 400 కిలోలు! ముందుగా మీ లోడర్ (ట్రాక్టర్ ముందు బిగించే, బరువులెత్తే చేతులు) ఎంత ఎత్తగలదో మాన్యువల్‌లో చూడండి. అంత ఎత్తగలిగితే వెనక లింకేజీకి, అంటే పనిముట్లు తగిలించే చోట, రోటవేటర్ (మట్టిని గుల్ల చేసే బరువైన పనిముట్టు) తగిలించండి, చక్రాలు నేలను పట్టుకుంటాయి. లోడర్ బకెట్ తీసి ఫోర్కులు (ప్యాలెట్ కిందకు దూర్చే ఇనుప కడ్డీలు) పెట్టండి. చెక్క ప్యాలెట్ మీదికి తొట్టిని ఎక్కించి బెల్టుతో తొట్టినే కట్టండి. కాండానికి మాత్రం దయచేసి తాడు వేయొద్దు, బెరడు ఊడితే చెట్టు కోలుకోవడం చాలా కష్టం. నేలకు జానెడు ఎత్తులోనే, మెల్లగా నడపండి. వాలు దిగేటప్పుడు రివర్స్‌లో రండి, బరువు ఎప్పుడూ ఎత్తు వైపే ఉండాలి. ముందురోజు నీళ్లు ఆపితే బరువు కొంత తగ్గుతుంది, కానీ మన వరంగల్ మే ఎండల్లో ఆ పని చేయకండి.