ఆ దరఖాస్తు చించెయ్యి, అమ్మలూ

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో ఏడ్చింది. కంప్యూటర్ ఉద్యోగం మానేసి, షికాగోలో మెక్సికన్ కుటుంబాల పిల్లలకు బొమ్మలూ చదువూ నేర్పే కేంద్రం పెడతానన్నావట. ఆమెను ఓదార్చి ఫోను పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. సగం భయం, సగం నా పోలికే వచ్చావన్న ముచ్చట.

స్పానిష్ నేర్చుకో. తరగతులు తల్లులు పని నుంచి వచ్చే వేళకు పెట్టు. కడిగితే పోయే రంగులే కొను. ఇవన్నీ నీకు తెలిసినవే.

పిల్సెన్ పేటలో అంటున్నావు కనుక అక్కడి మెక్సికన్ కళల మ్యూజియం ముందు చూడు. 1982లో కార్లోస్ టోర్టొలెరో అనే ఉపాధ్యాయుడు తోటి ఉపాధ్యాయులతో కలిసి మొదలుపెట్టాడు. 1987లో తలుపులు తెరిచింది. టిక్కెట్టు లేదు. వాళ్ళ చనిపోయినవారి పండుగకు వెళ్ళావంటే మన పెద్దల అమావాస్య గుర్తొస్తుంది. కాసా అజ్ట్లాన్ అనే సామాజిక కేంద్రం సంగతీ అడుగు. ఏళ్ళ తరబడి పేటకు ఆసరాగా ఉన్న ఆ ఇల్లు 2013లో మూతపడింది. కొత్త యజమాని 2017లో దాని గోడ బొమ్మల మీద రంగు పూయించాడు. జనం గగ్గోలు పెడితే, మొదట వాటిని వేసిన రే పట్లాన్ చేతనే మళ్ళీ బొమ్మ వేయించారు. లోపల మాత్రం అద్దె ఇళ్ళు వచ్చాయి. లాయరుకు చూపించకుండా అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకు.

ఇక అసలు సంగతి. పిల్లల్ని చేర్చుకోవడానికి నువ్వు రాసిన దరఖాస్తు మీ అమ్మ నాకు పంపింది. ఇంటి చిరునామా, తండ్రి పనిచేసే చోటు, ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు! బుద్ధి ఉందా నీకు? నాకూ లేదులే. ముప్ఫై ఏళ్ళ క్రితం ఒక చర్చి నేలమాళిగలో పిల్లల తరగతి పెట్టి నేనూ సరిగ్గా ఇలాంటిదే పంచాను. పద్ధతిగా ఉండాలని రెండు పేజీలు టైపు చేశాను. మొదటి శనివారం పంతొమ్మిది మంది పిల్లలు వచ్చారు. మరుసటి వారం నలుగురు. చలి వల్లనేమో అనుకున్నాను. పిల్లల కోసం పూరీలు కూడా చేసుకెళ్ళాను, చల్లారిపోయాయి. చివరికి వంటగదిలో పనిచేసే ముసలావిడ అడిగింది: "ఈ కాగితాలు ఎవరి దగ్గరికి వెళతాయమ్మా?"

ఆ పిల్లల్లో చాలామంది ఇక్కడే పుట్టినవాళ్ళు. కానీ ఒకే ఇంట్లో బిడ్డకు ఈ దేశంలో ఉండే హక్కు కాగితాలు ఉంటాయి, తండ్రికి ఉండవు. మీ పెదనాన్న వీసా రోజుల్లో ప్రభుత్వ కవరు వస్తే దేవుడి ముందు పెట్టి గాని విప్పేదాన్ని కాదు. అలాంటి నాకు ఆ తల్లుల భయం తట్టలేదంటే ఏమనాలి? కాగితాలు లేవని బిడ్డకు ప్రభుత్వ బడి నిరాకరించరాదని అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. బొమ్మల తరగతికి నంబరు ఎందుకు? బిడ్డను పిలిచే పేరు, ఒక ఫోను నంబరు, ఏ తిండి పడదో, ఎవరు తీసుకెళతారో. చాలు. అవి కూడా తాళం వేసి దాచు.

ఆనాటి దరఖాస్తుల్లో ఒక్కటే నాకు తిరిగి వచ్చింది. ముందువైపు ఒక్క గడీ నింపలేదు. వెనకవైపు ఒక పిల్లవాడు పచ్చటి మొక్కజొన్న పొత్తు గీశాడు. ఇన్నాళ్ళూ నా పాస్‌పోర్టుల పెట్టెలోనే దాచాను. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు తీసుకెళ్ళు. నీ కేంద్రంలో మాత్రం గోడకు తగిలించకు. కింద మూలన వాడి పూర్తి పేరు రాసుకున్నాడు.

మీ పెద్దమ్మ