ఖండనలు తప్ప ఓఐసీ పాలస్తీనాకు చేసింది ఏమిటి?

‘ఇస్లామిక్ సహకార సంస్థ (ఓఐసీ)లో 57 దేశాలున్నాయి. ఖండనలు తప్ప పాలస్తీనాకు ఒరగబెట్టింది ఏమైనా ఉందా?’ అని అడిగారు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న జెద్దాలోనే ఏడేళ్లు లెక్కలు రాసి వచ్చినవాడిని. వెళ్లిన కొత్తలో నేనూ ఇదే మాట అన్నాను, అనకూడని మనిషితో.

ఆఫీసులో నా పక్క బల్ల ఆయనది. గాజా కుటుంబం, పుట్టింది మాత్రం జెద్దాలో. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయనకు పాస్‌పోర్టు లేదు. ఒక అరబ్ దేశం పాలస్తీనా శరణార్థులకు ఇచ్చే ప్రయాణ పత్రం ఉండేది. విచిత్రమేమిటంటే, ఆ పత్రం ఇచ్చిన దేశంలో అడుగుపెట్టాలన్నా ఆయన వీసా తీసుకోవాలి! కూతురి చదువు పని మీద కాన్సులేట్ చుట్టూ మూడుసార్లు తిరిగారు. మూడోసారి నేనూ తోడు వెళ్లాను. కిటికీ వెనక గుమాస్తా ఆ పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క మాటైనా అనకుండా ఇవతలికి తోసేశాడు. తిరిగి వస్తుంటే ఓదార్పుగా ఏదో అనాలని, ‘మీవాళ్ల తీర్మానాలన్నీ వట్టి కాగితాలే కదా ఉస్తాద్’ అన్నాను. ఆయన సిగ్నల్ వైపే చూస్తూ, ‘కాగితం లేనివాడి ముందు కాగితాన్ని చులకన చేయకు’ అన్నారు.

అప్పటి నుంచి ఈ విషయాన్ని ఆయన వైపు నుంచే చూస్తున్నాను.

1969 ఆగస్టు 21న జెరూసలేంలోని అల్ అక్సా మసీదుకు ఒక ఆస్ట్రేలియా పౌరుడు నిప్పు పెట్టాడు. నెల తర్వాత మొరాకో రాజధాని రబాత్‌లో జరిగిన శిఖరాగ్ర సభతోనే ఓఐసీకి బీజం పడింది. 1974 ఫిబ్రవరిలో లాహోర్‌లో జరిగిన ఓఐసీ సభ, పాలస్తీనియన్లకు పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్‌ఓ) ఒక్కటే న్యాయబద్ధ ప్రతినిధి అని తేల్చింది. ఆ నవంబరులోనే పీఎల్‌ఓ నాయకుడు అరాఫత్ ఐక్యరాజ్య సమితిలో మాట్లాడారు, పీఎల్‌ఓకు పరిశీలక హోదా దక్కింది. ఘనతంతా ఓఐసీదే అనను, అరబ్ లీగ్, అలీన దేశాలు కూడా భుజం కలిపాయి. 2012లో 138 ఓట్లతో పాలస్తీనా సమితిలో సభ్యత్వం లేని పరిశీలక రాజ్యమైంది. ఆ హోదా ఉండబట్టే 2015లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో చేరగలిగింది. ఒక కాగితం చేతికొస్తే, దాన్ని చూపించి ఇంకో కాగితం అడగవచ్చు.

ఇక రెండో వైపు. 2017 డిసెంబరులో ట్రంప్ జెరూసలేంను ఇజ్రాయెల్ రాజధానిగా గుర్తించగానే ఇస్తాంబుల్‌లో ఓఐసీ అత్యవసర సభ పెట్టి, తూర్పు జెరూసలేం పాలస్తీనా రాజధాని అని ప్రకటించింది. తర్వాతి వారం సమితి సాధారణ సభలో ఆ గుర్తింపును తప్పుబట్టిన తీర్మానానికి అనుకూలంగా 128 ఓట్లు పడ్డాయి, అందులో మనదీ ఒకటి. ఉస్తాద్ మాత్రం ఆ 128ని వదిలేసి, మిగతా జాబితాను పెన్సిల్‌తో గీతలు పెడుతూ చదివారు. ఓఐసీ సభ్యదేశమైన టోగో ఆ తీర్మానానికి వ్యతిరేకంగా వేసింది. సభ్యదేశాలే అయిన ఉగాండా, కామెరూన్, బెనిన్, ఓఐసీలో పరిశీలక హోదా ఉన్న బోస్నియా తటస్థంగా ఉండిపోయాయి.

ఈ సంస్థ అసలు బలహీనత అక్కడే ఉంది. తీర్మానం అందరిదీ, అమలు మాత్రం ఎవరి వీలును బట్టి వారిది. జెరూసలేం కోసం ఓఐసీ వేసిన అల్ ఖుద్స్ కమిటీకి అధ్యక్షుడు మొరాకో రాజు. ఆ మొరాకోయే 2020 డిసెంబరులో ఇజ్రాయెల్‌తో సంబంధాలు పునరుద్ధరించుకుంది. 2023 నవంబరులో రియాద్‌లో జరిగిన అరబ్-ఇస్లామిక్ సభలో ఇజ్రాయెల్‌కు చమురు ఆపేయాలని ఇరాన్ కోరింది. తుది తీర్మానంలో ఆ మాట లేదు. నాకు కోపం వచ్చేది ఇలాంటివాటికే, ఖండనలకు కాదు.

జెద్దాలోని ప్రధాన కార్యాలయం తాత్కాలికమేనని, జెరూసలేం విముక్తమయ్యాక అక్కడికి మారుతుందని ఓఐసీ నియమావళిలో రాసుకున్నారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఉస్తాద్, ‘పాపం, ఇదీ నాలాగే ఇఖామా (సౌదీ నివాస అనుమతి) మీద ఉంటోంది’ అని నవ్వేవారు.