ఊరి రోడ్డు గుంతలు: ఎవరిని అడగాలి, ఎట్లా పూడ్చాలి?

నల్లగొండ, ఉమ్మడి పాలమూరు జిల్లాల నుంచి ఊరి రోడ్ల మీద వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒక్కచోట చేర్చాం. గ్రామీణ రోడ్ల పనులు బాగా తెలిసినవాళ్లు జవాబులు ఇచ్చారు.

ప్రశ్న: మండల కేంద్రం నుంచి మా ఊరికి నాలుగు కిలోమీటర్ల బీటీ (తారు) రోడ్డు. రెండేళ్లకే గుంతలు పడ్డది. సర్పంచ్ మాది కాదంటాడు. ఎంపీడీఓ ఆఫీసుల ఆర్‌అండ్‌బీకి పొమ్మన్నరు. వాళ్లేమో పంచాయతీరాజ్‌ది అన్నరు. అసలు ఎవరిని పట్టుకోవాలె? – దేవరకొండ పాఠకుడు

జవాబు: ఊరి లోపలి వీధులు, సీసీ రోడ్లు గ్రామపంచాయతీవి. ఊరి నుంచి ఊరికి, ఊరి నుంచి మండల కేంద్రానికి పోయే రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం కింద ఉంటాయి. జిల్లా ముఖ్య రోడ్లు, రాష్ట్ర రహదారులు ఆర్‌అండ్‌బీ చూస్తుంది. మీరు చెప్పినదాన్ని బట్టి సర్పంచ్ మాట నిజమే, కానీ పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గరికి పొమ్మని ఆయన చెప్పాల్సింది.

రోడ్డు పక్కన కిలోమీటరు రాయి ఉంటే దాని తల చూడండి. పసుపు రంగైతే జాతీయ రహదారి. నార్కట్‌పల్లి మీదుగా విజయవాడ పోయే 65, జడ్చర్ల, కొత్తకోట మీదుగా పోయే 44 ఇట్లాంటివి. వీటి మీద ఫిర్యాదుకు 1033కి ఫోన్ చేయాలి. ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ ఉంటే గ్రామీణ రోడ్డు. రంగు వెలిసిపోయి ఉంటే పంచాయతీరాజ్ ఏఈని అడగండి. మండలంలో తమ రోడ్ల జాబితా ఆయన దగ్గర ఉంటుంది.

ఆ రోడ్డు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో వేసిందైతే మీ పని తేలిక. ఆ పథకంలో రోడ్డు పూర్తయ్యాక అయిదేళ్ల నిర్వహణ కాంట్రాక్టర్‌దే, అది ఒప్పందంలోనే ఉంటుంది. రోడ్డు మొదట్లో పెట్టిన బోర్డు మీద పని పూర్తయిన తేదీ, ఏ ఏడాది నిర్వహణకు ఎంత అన్నది రాసి ఉంటుంది. బోర్డును ఫోటో తీసి 'మేరీ సడక్' యాప్‌లో గుంత ఫోటోతో కలిపి పెట్టండి. వేరే నిధులతో వేసిందైతే లోపాల బాధ్యత కాలం (లోపాలొస్తే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు) ఎంతో ఆ పని ఒప్పందంలో చూడాలి. దానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో రూ.5, ఆ పైన రూ.10. అడగాల్సినవి నాలుగే: అంచనా ప్రతి, ఒప్పందం ప్రతి, పని పూర్తయిన తేదీ, ఆ పనికి సంబంధించిన ఎంబీ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోవడం మంచిదే. కానీ రోడ్డు ఏ శాఖదో, ఏ పథకంలో వేశారో రాయకుండా ఇచ్చిన అర్జీ మళ్లీ ఆ మూడు ఆఫీసుల మధ్యే తిరుగుతుంది. అందుకే ముందు కాగితాలు తీసుకోండి, ఆ తర్వాతే అర్జీ.

ప్రశ్న: మాది ఎడమ కాలువ కింద ఊరు. ప్రతి వానకాలం గుంతల్లో మొరం పోస్తరు, పది రోజులకే మళ్లీ లేస్తది. పైనుంచి నాట్లప్పుడు కేజ్‌వీల్స్ (దమ్ముకు బిగించే ఇనుప చక్రాలు) ట్రాక్టర్లు. దీనికి మందు లేదా? – హాలియా పాఠకుడు

జవాబు: ఉంది గానీ మొరం మాత్రం కాదు. మొరంలో బంకమట్టి పాలు ఉంటుంది. అది తడిసి మెత్తబడితే టైరు ఒత్తిడికి బురదై బయటికి చిమ్ముతుంది. మిగిలిందేమో కింద తడి ఆరనివ్వదు. గుంత అంచు లోపలినుంచి మెత్తబడి, పైన తారు పెళ్లలు పెళ్లలుగా లేస్తుంది. అందుకే మొరం పోసిన గుంత తర్వాత పెద్దదవుతుంది. వానల్లో తప్పనిసరై ఏదో ఒకటి పోయాల్సి వస్తే 20 మి.మీ. కంకరలో క్రషర్ డస్ట్ కలిపి పోసి దిమ్మిస కొట్టండి. వానలు తగ్గేదాకా ఆగుతుంది.

అసలు మరమ్మతు ఇట్లా చేయాలి. గుంత చుట్టూ గట్టిగా ఉన్న భాగం దాకా నలుపలకలుగా గీత గీసి, అంచులు నిలువుగా ఉండేట్టు కొట్టేయాలి. గుండ్రంగా, పల్చగా వదిలిన అంచు దగ్గరే కొత్త అతుకు ముందుగా చిట్లుతుంది. లోపలి మట్టి, దుమ్ము చీపురుతో పూర్తిగా తీయాలి, తడి ఉండకూడదు. తర్వాత అడుగుకూ అంచులకూ తారు ఎమల్షన్ పూయాలి. చదరపు మీటరుకు పావు కిలో చాలు. ఎక్కువ పోస్తే ఎండకు పైకి ఊరి జారుడవుతుంది. ఎమల్షన్ పూసినప్పుడు గోధుమ రంగులో ఉంటుంది, అది నల్లగా తిరిగేదాకా ఆగి అప్పుడు మిక్స్ (తారు కలిపిన కంకర) వేయాలి. కూలీలు తొందరపడేది ఇక్కడే, అతుకు ఊడేది కూడా ఇక్కడే.

గుంత లోతు 7–8 సెంటీమీటర్లు దాటితే అడుగున కంకర వేసి గట్టిచేసి, పైన మిక్స్ పొరలుగా వేయాలి. ఒక్కసారే నింపితే పైన గట్టిగా కనిపిస్తుంది, కింద బోలుగా ఉంటుంది. చివరి పొర రోడ్డు కంటే అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు ఎత్తుండాలి, బండ్లు తిరిగితే అది సమానానికి దిగుతుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 5 సెంటీమీటర్ల లోతు గుంతకు సుమారు 110 కిలోల మిక్స్ పడుతుంది. అంటే 25 కిలోల కోల్డ్ మిక్స్ సంచులు అయిదు తెప్పించుకోవాలి. రెండు సంచులతో పూడ్చామని బిల్లు పెడితే అడగండి.

ఇక కేజ్‌వీల్స్. మన ఊరి రోడ్లలో చాలావాటికి పైన ఉండే తారు కార్పెట్ మందం 20 మి.మీ., అంటే అంగుళం కూడా లేదు. దానిమీద నీళ్లు దిగకుండా ఆపేది పల్చని సీల్ కోట్. ఇనుప పట్టీ బరువంతా సన్నని గీత మీద పడి ఆ సీల్ కోట్‌ను చీలుస్తుంది. ఆ చీలికలోంచి వాన నీళ్లు దిగాక మిగతా పని లారీ టైర్లు చేస్తాయి. కేజ్‌వీల్స్‌తో బీటీ రోడ్డెక్కితే కేసు అవుతుంది. అయితే అందరూ మనవాళ్లే కాబట్టి ఫిర్యాదు చేసేవాళ్లు ఉండరు. చక్రాలు ట్రాలీలో వేసుకుపోయి పొలం దగ్గర బిగించుకోవాలని, పొలానికి దిగే రెండు మూడు చోట్ల ర్యాంపులు కట్టుకోవాలని నాట్లకు ముందే గ్రామసభలో తీర్మానం చేసిన చోట కొంత పని జరుగుతుంది. గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది.

ఇంకో మాట. మీ రోడ్డు బర్ములు (తారుకు రెండు పక్కలా ఉండే మట్టి అంచులు) చూడండి. రోడ్డు కన్నా బర్ము ఎత్తుగా ఉండి గడ్డి మొలిచి ఉంటే, వాన నీళ్లు పొలంలోకి పోలేక తారు అంచునే నిలబడతాయి. 3.75 మీటర్ల వెడల్పు బీటీ రోడ్డుకు నడుమ భాగం అంచు కన్నా సుమారు 5.5 సెంటీమీటర్లు ఎత్తుండాలి, బర్ము దానికన్నా ఇంకాస్త వాలుగా దిగాలి. బర్ము చెక్కి వాలు పెట్టించడానికి అయ్యే ఖర్చు గుంతల ఖర్చు ముందు చాలా తక్కువ. కానీ అది ఫోటోలో కనపడదు కాబట్టి ఎవరూ అడగరు.

ప్రశ్న: పొలాలకు పోయే బాట వంద మీటర్లు రైతులమే చందాలేసుకుని మొరం పోయించుకుందామనుకుంటున్నం. ఎన్ని ట్రిప్పులు పడతయి? – వనపర్తి పాఠకుడు

జవాబు: 3 మీటర్ల వెడల్పు, గట్టిపడ్డాక 15 సెంటీమీటర్ల మందం అనుకుంటే 45 ఘనపు మీటర్లు. వదులు మొరం అయిదో వంతుకు పైగా అణుగుతుంది కాబట్టి సుమారు 57 ఘనపు మీటర్లు తేవాలి. ట్రాక్టర్ ట్రాలీకి వంద ఘనపుటడుగులు, అంటే 2.83 ఘనపు మీటర్ల లెక్కన 20 ట్రిప్పులు. మొత్తం ఒక్కసారే కుమ్మరించి ట్రాక్టర్ బ్లేడుతో లాగితే పైన మాత్రమే గట్టిపడుతుంది. రెండు పొరలుగా వేసి, ఒక్కో పొరనూ ట్యాంకర్ నీళ్లతో తడిపి, అంచుల నుంచి నడుమకు రోలర్ తిప్పించండి.

మొరం ఎంచుకునేటప్పుడు పిడికెడు తడిపి ముద్ద చేయండి. ముద్ద నిలవకుండా రాలిపోతే ఎండాకాలం దుమ్ము లేచి గులకరాళ్లు తేలుతాయి. చేతికి జిగురుగా అంటుకుంటే వానకు బండి జారుతుంది. రేగడి నేలైతే ముందుగా బాట అడుగున ఇసుక గానీ డస్ట్ గానీ ఒక పొర పరవండి, లేకుంటే నాలుగు వానలకే మొరం రేగట్లో దిగబడుతుంది. చెరువు శిఖంలో గానీ సర్కారు భూమిలో గానీ తవ్వేముందు అనుమతి తీసుకోండి.

ప్రశ్న: నల్లా పైపు కోసం సీసీ రోడ్డు కోసి మట్టితో పూడ్చి పోయిండ్రు. ఇప్పుడది కాలువ లెక్క కుంగింది. – మక్తల్ పాఠకురాలు

జవాబు: పైన సిమెంటు వేసినా మళ్లీ కుంగుతుంది, లోపం కింద ఉంది. వదులు మట్టి తీసేసి పైపు మీదనుంచి 15 సెంటీమీటర్ల పొరలుగా వేస్తూ తడిపి, దిమ్మిస కొట్టాలి. అంచులు కట్టర్‌తో తిన్నగా కోయించాలి. 10 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందానికి 0.9 ఘనపు మీటరు కాంక్రీటు కావాలి. 1:1½:3 పాళ్లలో 7 నుంచి 8 సంచుల సిమెంటు. బస్తాకు నీళ్లు 30 లీటర్లు మించకూడదు. పారేట్టు పలుచన చేస్తే మేస్త్రీకి పని తేలికే, కానీ రోడ్డు పైపొర సున్నంలా రాలుతుంది. రెండు వారాలు గోనెలు కప్పి తడపాలి, అన్నాళ్లూ బండ్లు పోనీయకుండా రాళ్లు అడ్డం పెట్టండి. రోడ్డు పంచాయతీది కాబట్టి కోసినవాళ్లతో ఈ పని చేయించే బాధ్యత పంచాయతీ కార్యదర్శిదే. రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: బడి ముందర స్పీడ్‌బ్రేకర్ మేమే వేసుకోవచ్చా? – కల్వకుర్తి పాఠకుడు

జవాబు: వేయొద్దు. రాత్రి ఎవరైనా పడితే బాధ్యత మీమీదికి వస్తుంది. మనవాళ్లు వేసేవి జానెడున్నర వెడల్పు, జానెడు ఎత్తు గట్లు. వాటి మీద బైకు వెనక కూర్చున్నవాళ్లు ఎగిరి పడతారు. ప్రమాణం ప్రకారం వెడల్పు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. దాటే వేగం గంటకు 25 కిలోమీటర్లకు సరిపోయేట్టు చేసిన కొలత అది. మీద చారలు, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు కూడా ఉండాలి. బడి హెడ్‌మాస్టర్ లేఖ, గ్రామపంచాయతీ తీర్మానం జతచేసి రోడ్డు ఏ శాఖదైతే ఆ శాఖ డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్)కి ఇవ్వండి.

ప్రశ్న: మా ఊర్ల వీధి దీపాలు పట్టపగలు వెలుగుతయి. – నాగర్‌కర్నూల్ పాఠకుడు

జవాబు: దీపాలకు విడిగా మూడో తీగ, స్విచ్ బాక్సు లేక నేరుగా ఫేజ్‌కు కలిపి ఉంటారు. 20 వాట్ల బల్బులు వంద, పగలు 12 గంటలు ఊరికే వెలిగితే నెలకు 720 యూనిట్లు, ఆ బిల్లు పంచాయతీదే. మూడో తీగ లాగించి టైమర్ పెట్టించడం ఒక్కటే దారి. పంచాయతీ సిబ్బందిని మాత్రం స్తంభం ఎక్కించొద్దు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపినట్టు అనుమతి) తీసుకుని లైన్‌మన్ ఎక్కాలి. ఫిర్యాదుకు 1912.

ప్రశ్న: చెరువు అలుగు పోస్తే రోడ్డు మీదినుంచి నీళ్లు పారుతయి. కింద మూడు పైపులున్నా లాభం లేదు. – మునుగోడు పాఠకుడు

జవాబు: ఆ పైపులు ఎంత వెడల్పో కొలవండి. 300 మి.మీ. పైపులు మూడు కలిపినా 1000 మి.మీ. పైపు ఒక్కదానిలో మూడో వంతు నీళ్లకు కూడా దారి ఉండదు. పైగా తుంగ, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు అడ్డం పడితే సన్నపైపులో పూడిక తీయడానికి మనిషి దూరలేడు. అంచనా వేసేటప్పుడే 1000 మి.మీ. హ్యూమ్ (సిమెంటు కాంక్రీటు) పైపులు అడగండి. పైపు మీద కనీసం 60 సెంటీమీటర్ల మట్టి ఉండాలి. రెండు వైపులా గోడలు, ముఖ్యంగా దిగువ వైపు రాతి పరుపు వేయాలి. కోత దిగువనే మొదలై పైపు కిందికి పాకుతుంది. అంతదాకా ఇప్పుడున్న పైపుల్లో పూడికను మే నెలలోనే తీయించండి. రోడ్డు రెండు అంచులా ఎరుపు, తెలుపు చారల గుర్తు రాళ్లు నాటించండి. నీళ్లు పారేటప్పుడు రోడ్డు ఎక్కడిదాకా ఉందో కనపడదు. గుర్తు రాళ్లున్నాయని నీళ్లలో దిగొద్దు, కింద బర్ము కొట్టుకుపోయిందో లేదో పైనుంచి తెలియదు. అలుగు పారుతున్న రోజుల్లో రెండు వైపులా ట్రాక్టర్లు అడ్డం పెట్టించే పని కార్యదర్శికి, పోలీసులకు ముందే అప్పజెప్పండి.