ఒక్క టెస్ట్‌లో ల్యుకేమియా పాజిటివ్ వచ్చిందని పిల్లికి ఇంజెక్షన్ ఇప్పించేయాలా?

మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మూడేళ్ల పిల్లి, బాగా తింటోంది, ఆడుతోంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి తీసుకెళ్తే, ముందు చేసిన ర్యాపిడ్ టెస్ట్‌లో ల్యుకేమియా వైరస్ పాజిటివ్ వచ్చింది. ఇంట్లో ఇంకో పిల్లి, చిన్నపిల్లలు ఉన్నారు. బంధువులేమో నిద్రపుచ్చి ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇప్పించేయమంటున్నారు. నేను డాక్టర్‌ని కాను. కానీ ఇలాంటి రిపోర్ట్ చేతిలో పట్టుకుని రెండుసార్లు ఇంటికి వచ్చినదాన్ని.

ముందు పిల్లల సంగతి. పిల్లుల ల్యుకేమియా వైరస్ మనుషులకు సోకినట్టు ఇన్నేళ్లలో ఎక్కడా రుజువు కాలేదు. ఆ టెన్షన్ పక్కన పెట్టేయండి.

ఇక టెస్ట్. మామూలుగా క్లినిక్‌లో చేసే కిట్ ఒకే రక్తపు చుక్కలో రెండు వైరస్‌లను వెతుకుతుంది. ఒకటి మీరు చెప్పిన ల్యుకేమియా వైరస్, రెండోది ఎఫ్‌ఐవీ, అంటే పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్. చాలామంది పట్టించుకోని తేడా ఒకటుంది. ల్యుకేమియాకు ఆ కిట్ వెతికేది వైరస్ తాలూకు ప్రొటీన్‌ని. దాన్ని పీ27 యాంటిజెన్ అంటారు. ఎఫ్‌ఐవీకి వెతికేది మాత్రం వైరస్‌ను కాదు, దానికి ఎదురుగా పిల్లి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను. అందుకే కిట్ మీద ఏ వైరస్ గీత కనిపించిందన్నదాన్ని బట్టి తర్వాత చేయాల్సిన పని మారుతుంది.

మా పోతురాజు విషయంలో ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు. చెవి చిరిగి, బుగ్గ మీద చీము గడ్డతో వచ్చి మా మెట్ల కింద కూర్చున్న పెద్ద పోతుపిల్లి వాడు. గడ్డకు చికిత్స చేయించడానికి తీసుకెళ్తే ఎఫ్‌ఐవీ పాజిటివ్ అన్నారు. “దీనికి ఎయిడ్స్, బతికించి లాభం లేదు” అన్నారు అక్కడ. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. తర్వాత మరో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన చాలాసేపు కూర్చోబెట్టి మాట్లాడారు. 1986లో కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సన్, జానెట్ యమామోటో ఈ వైరస్‌ను కనుక్కున్నారట. హెచ్‌ఐవీ కుటుంబానిదే కావడంతో ఎయిడ్స్ అన్న పేరు అంటుకుంది. అంతేగానీ పాజిటివ్ అయిన ప్రతి పిల్లీ జబ్బుపడి పోవాలని లేదు, చాలా పిల్లులు మామూలు పిల్లులంత కాలమూ బతుకుతాయి అన్నారు. అరవై రోజులాగి మళ్లీ టెస్ట్ చేశారు. మళ్లీ పాజిటివే. అయినా పోతురాజు ఆ తర్వాత మా ఇంట్లో ఎనిమిదేళ్లు ఉన్నాడు. చివరికి ముసలితనంలో కిడ్నీలు పాడై పోయాడు.

ఎఫ్‌ఐవీ ముఖ్యంగా లోతైన కాట్ల వల్ల అంటుతుంది. అందుకే వీధుల్లో కొట్లాడుకునే పోతుపిల్లుల్లో ఎక్కువ. ఒకే ఇంట్లో కలిసిమెలిసి ఉండే పిల్లుల మధ్య ప్రమాదం తక్కువ. ఎఫ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన కూనల్లో తల్లి యాంటీబాడీలే ఆరునెలల దాకా కనిపించవచ్చు, కాబట్టి ఆ వయసులో వచ్చిన పాజిటివ్‌ను నమ్మి కూనను వదులుకోకూడదు.

మీ పిల్లిది ల్యుకేమియా వైరస్ కాబట్టి దాని నడక వేరు. ఇది కాటు లేకపోయినా ఉమ్మి ద్వారా, ఒకదాన్నొకటి నాక్కోవడం ద్వారా, ఒకే గిన్నెలో తినడం తాగడం ద్వారా అంటుతుంది. తల్లి నుంచి కూనలకూ వస్తుంది. 1964లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో విలియం జారెట్ బృందం దీన్ని పట్టుకున్నది కూడా ఒకే ఇంట్లో చాలా పిల్లులకు లింఫోమా అనే క్యాన్సర్ వచ్చిన సందర్భంలోనే. కాబట్టి మీ రెండో పిల్లి గురించి మీ భయం సరైనదే.

అయితే ఈ వైరస్ ఒంట్లోకి వెళ్లిన ప్రతిసారీ ఒకేలా ముగియదు. కొన్ని పిల్లులు మొదట్లోనే దాన్ని తరిమేస్తాయి. కొన్నింటిలో కొంతకాలం రక్తంలో కనిపించి తర్వాత అణగిపోతుంది. అప్పుడు యాంటిజెన్ టెస్ట్ నెగెటివ్ అవుతుంది, కానీ వైరస్ డీఎన్ఏ మాత్రం కణాల్లో దాక్కుని ఉంటుంది. రెట్రోవైరస్‌ల స్వభావమే అంత. తమ ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చి పిల్లి కణాల సొంత డీఎన్ఏలో కలిపేస్తాయి. అందుకే పూర్తిగా కడిగేసే మందు లేదు. మిగిలిన పిల్లుల్లో వైరస్‌కు అడ్డు ఉండదు, ఎముక మజ్జ దాకా పోతుంది. రక్తహీనత, లింఫోమా, వరస ఇన్ఫెక్షన్లు వచ్చేది ఎక్కువగా వీటికే. చాలావరకు మూడేళ్లలోపే పోతాయి. మీ పిల్లి ఇందులో ఏ దారిలో ఉందో ఆ ఒక్క గీత చెప్పలేదు. పైగా ఏ లక్షణాలూ లేని పిల్లిలో తప్పుడు పాజిటివ్ వచ్చే అవకాశం కూడా ఉంది.

అందుకని డాక్టర్‌ని ల్యాబ్‌కు రక్తం పంపి పీసీఆర్ చేయించమని అడగండి. కణాల్లో కలిసిన వైరస్ డీఎన్ఏను అది పట్టుకుంటుంది. కొన్ని వారాలాగి యాంటిజెన్ టెస్ట్ కూడా మళ్లీ చేయించండి. మజ్జ దాకా వెళ్లిందా అన్నది తెలియడానికి ఐఎఫ్ఏ అనే ఇంకో పరీక్ష ఉంది, దాని అవసరం ఉందో లేదో డాక్టరే చెబుతారు. వీటితోపాటు మామూలు రక్తపరీక్ష తప్పకుండా చేయించండి. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఎలా ఉన్నాయో తెలిస్తే సగం విషయం తెలిసినట్టే.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి, అది మీ రెండో పిల్లికి పనికొస్తుంది. సిరి నాలుగు నెలల కూనగా వచ్చినప్పుడు టెస్ట్ చేయిస్తే నెగెటివ్ వచ్చింది. హమ్మయ్య అనుకుని వదిలేశాను. వైరస్ సోకిన కొత్తలో టెస్ట్‌కు దొరకదని, నెల తర్వాత మళ్లీ చేయించాలని నాకు తెలియదు. ఏడాది వయసులో ఒకరోజు దాని పై పెదవి బొటనవేలితో పైకెత్తి చూస్తే చిగుళ్లు గులాబీ రంగులో లేవు, సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉన్నాయి. ముందురోజు రాత్రి కూడా కిటికీ గట్టు మీదికి దూకింది, నేనేమీ గమనించలేదు. టెస్ట్ పాజిటివ్, పీసీఆర్ పాజిటివ్. ఒకసారి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఉంది. ఆ నెలల్లో ఎక్కువ భాగం అది హాయిగానే ఉంది. పొద్దున్నే నా దిండు మీదికి వచ్చేది, తాడు ముక్క కనిపిస్తే వదిలేది కాదు. పోతురాజు అప్పటికి దానితో నెలల తరబడి ఒకే గిన్నెలో తిన్నాడు. వాడికి రెండుసార్లు టెస్ట్ చేయించాం, ల్యుకేమియా రెండుసార్లూ నెగెటివే. పెద్ద పిల్లులు ఈ వైరస్‌ను కొంత తట్టుకుంటాయి, ప్రమాదం ఎక్కువ కూనలకే.

కాబట్టి రెండోదానికి ఇప్పుడు ఒకసారి, విడిగా పెట్టిన నెల తర్వాత ఇంకోసారి టెస్ట్ చేయించండి. నెగెటివ్ అయితే ల్యుకేమియా వ్యాక్సిన్ గురించి అడగండి. అప్పటికే సోకిన పిల్లికి ఆ వ్యాక్సిన్ వల్ల లాభం ఉండదు. సోకనిదానికి రక్షణ ఇస్తుంది, కానీ నూటికి నూరుపాళ్లు కాదు. అందుకే విడిగా ఉంచడమే మేలు. ఇల్లంతా ఘాటు మందులతో కడగక్కర్లేదు. ఈ వైరస్ బయట ఎక్కువసేపు బతకదు, మామూలు సబ్బునీళ్లు చాలు.

పాజిటివ్ అని ఖాయమైనా చేయగలిగింది చాలా ఉంది. పిల్లిని బయటికి వదలకండి. ఇతర పిల్లులకు అంటకుండా ఉండటానికి ఎంతో, దానికి కొత్త ఇన్ఫెక్షన్లు రాకుండా ఉండటానికీ అంతే. మధ్యలో ఆగిపోయిన ఆపరేషన్ ఆరోగ్యం బాగుంటే చేయించవచ్చు. పచ్చిమాంసం, పచ్చిగుడ్డు పెట్టొద్దు. ఈగలు ముసురుకునేదాకా గిన్నెలో తిండి వదిలేయొద్దు. పేలకు, పురుగులకు మందు క్రమం తప్పకుండా వేయించండి. ఆరునెలలకోసారి చెకప్, రక్తపరీక్ష. నోట్లో పుళ్లు, చిగుళ్ల వాపు ఈ పిల్లుల్లో తరచుగా వస్తాయి కాబట్టి పళ్లు కూడా చూడమనండి. జిడొవుడిన్, ఇంటర్‌ఫెరాన్ వంటి మందులు కొన్ని కేసుల్లో డాక్టర్లు వాడతారు. జిడొవుడిన్ వల్ల రక్తహీనత రావచ్చు కాబట్టి అది సొంతంగా తెచ్చి వేసే మందు కాదు. ఇమ్యూనిటీ పెంచుతుందని ఎవరో చెప్పిన పొడులకు డబ్బు పోయకండి. ఆ డబ్బు రక్తపరీక్షకు దాచండి.

నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. ప్రతి ఆదివారం సిరిని వంటింటి త్రాసులో కూర్చోబెట్టి బరువు రాసేదాన్ని. వరుసగా రెండు వారాలు తగ్గితే క్లినిక్‌కు ఫోన్. జ్వరం, తిండి మానేయడం, తుమ్ములు, చిన్న గాయం, ఏదైనా సరే “రేపు చూద్దాం” అనేది లేదు. ఈ పిల్లులకు చిన్న ఇన్ఫెక్షన్ కూడా త్వరగా ముదురుతుంది, త్వరగా మందు పడితే మామూలు పిల్లిలాగే కోలుకుంటుంది కూడా.

ఎప్పుడో ఒకరోజు అది తినలేక, ఊపిరి అందక బాధపడుతుంటే, మందులతో తగ్గదని డాక్టర్ చెబితే, ఆ ఇంజెక్షన్ గురించి అప్పుడు ఆలోచించవచ్చు. సిరికి చివర్లో మేము అదే చేయించాం, నా ఒళ్లోనే పోయింది. ఇప్పుడు మీ పిల్లి తింటోంది, ఆడుతోంది. ఈ రాత్రికి రెండింటి గిన్నెలూ, మట్టి ట్రేలూ వేరు చేసి చెరో గదిలో పడుకోబెట్టండి. పొద్దున వెలుతురులో చిగుళ్లు చూడండి, తర్వాత పీసీఆర్‌కు రక్తం ఎప్పుడు ఇవ్వాలో ఫోన్ చేసి కనుక్కోండి.