అమ్మకి చెప్పకు మావయ్యా అన్నావు కదా

రాజమండ్రి,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. మొన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన రిపోర్టు చూశాను. కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, వేళ్ళతో పెద్దది చేసి ఇంకోసారి. పరగడుపున షుగర్ 118, మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. కింద నీ రాత: "ఇంకా షుగర్ కాదు మావయ్యా, బార్డర్. 21 రోజుల ఛాలెంజ్ పెట్టుకున్నా. పొద్దున ఐదింటికి పరుగు, అన్నం బంద్, రాత్రి ఏడు దాటితే మంచినీళ్ళే. అమ్మకి చెప్పకు. ఇంట్లో కూడా చెప్పలేదు."

నాలుగు ముక్కలు టైపు చేసి పంపుదామనుకున్నాను. బొటనవేలు పెద్దది, అక్షరాలు చిన్నవి, విషయం పెద్దది. అందుకే కాగితం తీశాను. మీ అత్తయ్య ఫోటో తీసి పంపుతుంది.

ముందు మంచి మాట. 34 ఏళ్ళకే రక్తపరీక్ష చేయించుకుని, ఆ కాగితాన్ని సొరుగులో తోసెయ్యకుండా ఏదో ఒకటి చేద్దామనుకున్నావు చూడు, అది నాకు చాలా గర్వంగా ఉంది. వేసవి సెలవుల్లో నేను కండక్టరుగా ఉన్న బస్సెక్కి, బెల్లు తాడు పట్టుకుని లాగుతానని ఏడ్చిన వాడివి. ఒక బెల్లు కొడితే ఆగాలి, రెండు కొడితే పోవాలి అని నేర్పితే, రెండే కొట్టేవాడివి ఎప్పుడూ. ఇప్పుడూ అదే పని. ఆగడం లేదు, ఒకటే పోవడం.

చెయ్యాల్సినవి నీకు తెలిసినవే. కూల్‌డ్రింకులు మానెయ్. అన్నం బంద్ చెయ్యకు, సగం చెయ్యి, ఆ సగం చోటు కూరతో, పప్పుతో నింపు. కొర్రలు, సామలు మంచివే కానీ గిన్నెడు లాగిస్తే అవీ అన్నం పనే చేస్తాయి. భోజనం అయ్యాక పడక కుర్చీలో కూలబడకుండా పది నిమిషాలు నడువు. పది కిలోమీటర్ల పరుగు ఇప్పుడే వద్దు, వేగంగా నడిస్తే చాలు, రోజుకో అరగంట. నిద్ర ముఖ్యం. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష, ఎందుకంటే ఆ 6.1 అనేది మూడు నెలల సరాసరి. 6.5కి చేరితే దాన్ని బార్డర్ అనరు.

ఇక ఆ 21 రోజుల లెక్క ఎవరు చెప్పార్రా నీకు? మా వాకింగ్ బ్యాచ్‌లో రిటైరైన డాక్టరుగారు ఒకాయన ఉన్నారు. ఆయన చెప్పారు, లండన్‌లో 96 మంది మీద చూశారట, ఒక చిన్న అలవాటు దానంతటది జరిగే స్థితికి రావడానికి సరాసరిన 66 రోజులు పట్టిందట. ఒకరికి 18 రోజులే, ఇంకొకరి లెక్క 254 దాకా పోయింది. మధ్యలో ఒకరోజు తప్పినా కొంప మునగలేదట. నువ్వేమో 22వ రోజు పొద్దున పెసరట్టు ఉప్మాతో పండగ చేసుకుంటావు, నాకు తెలుసు. నువ్వు మా చెల్లెలి కొడుకువి.

ఇదంతా పక్కన పెట్టు. నేను పెన్ను పట్టుకున్నది నీ చివరి రెండు వాక్యాల గురించి. అమ్మకి చెప్పకు, ఇంట్లో చెప్పలేదు అన్నావే, వాటి గురించి.

నాకు షుగరని 1994లో తెలిసింది. అప్పటికి నాకు 37. డిపోలో ఎవరికీ చెప్పలేదు. చెబితే రూటు డ్యూటీ తీసేసి ఎక్కడో కూర్చోబెడతారని భయం. అంతకన్నా పెద్దది సిగ్గు. షుగరంటే అప్పట్లో ముసలివాళ్ళకో, బాగా డబ్బున్నవాళ్ళకో వచ్చే జబ్బని అనుకునేవాళ్ళం. నాకు షుగరని మీ అత్తయ్యకి తెలుసు, ఎంత ఉందో తెలీదు. ఎప్పుడడిగినా "నార్మలే" అనేవాణ్ణి.

1997లో ఒకసారి పరీక్ష చేయిస్తే పరగడుపున 260 వచ్చింది. డాక్టరు గట్టిగా తిట్టాడు. ఆయన మందు పెంచాడు, నేను పంతం పెంచాను. రోజుకి ఒక్కపూటే తింటానని ఒట్టు పెట్టుకున్నాను. డాక్టరుకి చెప్పలేదు. ఇంట్లో చెబితే మీ అత్తయ్య ఊరుకోదు కదా, అందుకని తను తెల్లవారుజామున నాలుగింటికి లేచి కట్టిన క్యారేజీ పట్టుకెళ్ళి, బస్టాండులో సామాన్లు మోసే ఒక ముసలాయనకి పెట్టేసేవాణ్ణి. ఖాళీ క్యారేజీ ఇంటికి తెచ్చేవాణ్ణి. "ఈ మధ్య మెతుకు మిగల్చకుండా తింటున్నారు, దొండకాయ కూడా" అని మురిసిపోతూ తోముకునేది. పన్నెండు రోజులు. ఆ క్యారేజీ చప్పుడు ఇప్పటికీ నాకు చెవుల్లో ఉంటుంది.

పదమూడో రోజు భద్రాచలం సర్వీసు. ఐదున్నరకి బండి తీశాం. మాత్ర వేసుకున్నాను, కడుపులో కాఫీ చుక్క తప్ప ఏమీ లేదు. గోకవరం దాటేదాకా బాగానే ఉంది. రంపచోడవరంలో చెమటలు పట్టాయి, రష్ కదా అనుకున్నాను. మారేడుమిల్లి దాటి ఘాట్ ఎక్కుతుంటే చేతులు వణకడం మొదలుపెట్టాయి. టికెట్ల ట్రే పట్టు దొరకడం లేదు. ఒకావిడ యాభై ఇస్తే ఆవిడకి వందకి చిల్లర ఇచ్చానట. ఒకాయన చింతూరు అంటే భద్రాచలం టికెట్ చింపానట. అడిగితే అరిచానట. ఇవేవీ నాకు గుర్తులేవు, తర్వాత చెప్పారు. గుర్తున్నదల్లా ఒక్క మాట. వెనక సీట్లోంచి ఎవరో అన్నారు, "పొద్దున్నే తాగొచ్చాడు ఎదవ" అని.

జీవితంలో కల్లు ముంత ముట్టని వాణ్ణి. నోరు తెరిచి కాదని చెబుదామంటే నాలుక తిరగడం లేదు. నిలువునా కూలబడ్డాను, ఇంజన్ బానెట్ పక్కన.

కాపాడింది ఒక కొండరెడ్డి ముసలమ్మ. సంతకి పోతోంది. వాళ్ళాయనకి ఉన్న జబ్బేనట. "తాగుడు కాదు, తీపి జబ్బు, తీపి పెట్టండి" అని తన మూటలోంచి బెల్లం ముక్క తీసి, కొరికి చిన్నది చేసి, నా నోట్లో పెట్టింది. మింగే తెలివి ఇంకా ఉంది కాబట్టి బతికాను. ఎవరో నీళ్ళలో పంచదార కలిపి తాగించారు. పావుగంటకి మనిషినయ్యాను. చింతూరులో ఆస్పత్రికి తీసుకెళ్ళి గ్లూకోజ్ ఎక్కించారు. మాత్ర వేసుకుని ఏమీ తినకపోవడంతో షుగర్ బాగా పడిపోయిందన్నారు. ఆ ముసలమ్మ పేరు అడగలేదు. తెలివొచ్చేసరికి దిగిపోయింది. ఇప్పటికీ బెల్లం వాసన తగిలితే నాకు ఆ ఘాట్ రోడ్డే గుర్తొస్తుంది.

దానికన్నా నన్ను కుంగదీసింది మా డ్రైవరు. ఆరేళ్ళు ఒకే బండి మీద తిరిగాం. నైట్ అవుట్ డ్యూటీల్లో ఒకే దుప్పటి కింద పడుకున్నాం. ఆస్పత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఘాట్ మీద నలభై మందిని నడుపుతున్నానురా. వెనక నువ్వున్నావనే ధైర్యంతో. నీకేదో ఉందని ఒక్క మాట నాకు చెప్పలేకపోయావా?"

జవాబు లేదు నా దగ్గర. ఇప్పటికీ లేదు.

ఆ తర్వాత ఆయన ఏం చేశాడో చెబుతాను విను, నీకు పనికొచ్చేది అదే. ఉపన్యాసాలు ఇవ్వలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా హారన్ రెండుసార్లు కొట్టేవాడు. అంటే తిను అని. టీ కొట్లో నాకంటే ముందు దిగి "మా కండక్టరుకి పంచదార లేకుండా" అని చెప్పేవాడు, నేను నోరు విప్పే పని లేకుండా. చొక్కా జేబులో ఎప్పుడూ బెల్లం పొట్లం పెట్టుకునేవాడు. ఆయనకి షుగర్ లేదు, అది నా కోసం. రిటైరయ్యేదాకా మళ్ళీ నేను డ్యూటీలో పడిపోలేదు.

ఇది రాస్తుంటే డాక్టరుగారు చెప్పింది గుర్తొచ్చింది. నువ్వు మాత్రలు వేసుకోవడం లేదు కాబట్టి, ఒకపూట మానేస్తే నాలా పడిపోయే ప్రమాదం నీకు దాదాపు లేదట. సరే, ఒప్పుకుంటున్నాను. అయినా జేబులో రెండు చాక్లెట్లు పెట్టుకో. నా భయం నాది. ఇప్పుడు లేకపోయినా రేపు ఎప్పుడైనా మాత్ర రాస్తే, రోజూ తినే తీరు డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పు. ఉపవాసం ఉంటానని కూడా చెప్పు.

మీ ఆవిడకి ఈ రాత్రే చెప్పు. "నన్ను కనిపెట్టుకుని ఉండు" అని మాత్రం చెప్పకు. నేను ఆ తప్పు కూడా చేశాను. చింతూరు తర్వాత మీ అత్తయ్యని పోలీసుని చేశాను. తను గిన్నెలు లెక్కపెట్టేది, నేను దొంగతనంగా తినేవాణ్ణి. రెండేళ్ళు ఇంట్లో అదే పంచాయితీ. సంక్రాంతికి పిల్లలకి అరిసెలు వండటం కూడా మానేసింది నా మూలంగా. తర్వాత తనే ఒక దారి చెప్పింది: "మీరేం తిన్నారో నేను అడగను, రాత్రి అన్నాలయ్యాక వీధి చివరి దాకా నాతో నడవండి చాలు." ఆ నడకలోనే నేను తిన్నవన్నీ నా నోటితోనే బయటికొచ్చేవి. నువ్వు కూడా ఒక పని అడుగు, ఒక్కటే, ఇద్దరూ కలిసి చేసేది. ఆఫీసు నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా సెల్లార్లో నాలుగు రౌండ్లు కలిసి తిరగండి. హైదరాబాదులో మీ ఇద్దరూ మాట్లాడుకునే టైమెక్కడిది, ఆ పేరుతో అదీ జరుగుతుంది.

పొద్దున నడకకి బయటివాడు ఒకడు కావాలి. మొగుడూ పెళ్ళాలైతే "ఇవాళ వద్దులే" అని ఒకరినొకరు పడుకోబెట్టుకుంటారు. మా గోదావరి గట్టు బ్యాచ్‌లో అయిదుగురం. ఎవడైనా రాకపోతే ఫోన్ చెయ్యం, ఇంటికే పోతాం. ఒకసారి చలికాలంలో నేను ముసుగుతన్ని పడుకుంటే నలుగురూ వచ్చి వసారాలో కూర్చుని మీ అత్తయ్య చేత కాఫీలు పెట్టించుకున్నారు. మర్నాటి నుంచి నేను మానితే ఒట్టు. అలాగని బ్యాచ్ ఉంటే చాలనుకోకు. మొదటి ఏడాది మేం గౌతమీ ఘాట్ దాకా నడిచి, ఆ పక్కనే వేడి మిరపకాయ బజ్జీలు తిని, రాజకీయాలు మాట్లాడి వచ్చేవాళ్ళం. డాక్టరుగారు చేరాకే బజ్జీల బండి మా దారిలోంచి పోయింది. బ్యాచ్ ఎక్కడ ఆగుతుందో చూసుకుని చేరు.

ఆయనే ఇంకోటి చెప్పారు. చెన్నై డాక్టర్లు నీలాంటి బార్డర్ వాళ్ళని అయిదొందల మందికి పైగా తీసుకుని మూడేళ్ళ దాకా చూశారట, 2006లో అచ్చయింది. మామూలుగా వదిలేసిన వాళ్ళలో నూటికి 55 మందికి షుగరొచ్చింది. నడక, తిండి మార్చుకున్న వాళ్ళలో 39 మందికి. నెలనెలా వాళ్ళకి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగేవాళ్ళట. డాక్టరుగారు ఆ అంకెల దగ్గర ఆగారు. నేను ఆ ఫోన్ దగ్గర ఆగాను.

ఒకటి మర్చిపోయాను. పరుగు అన్నావు, చెప్పులు లేకుండా పరిగెత్తే వీడియో ఒకటి ఆ మధ్య నీ స్టేటస్‌లో చూశాను. వద్దురా. మీ తాతయ్య పొలంలో తుమ్మముల్లు దిగితే ఎవరికీ చెప్పకుండా సున్నం రాసుకుని తిరిగాడు. షుగరుందని ఆయనకే తెలీదు. కుడికాలి బొటనవేలు తీసేశారు. కాలు మిగిలినందుకు సంతోషించాం. నేను బూట్లకి డబ్బులు పంపుతాను, నవ్వకు. ఒక సైజు వదులుగా కొనుక్కో. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళు చూసుకో. నీకు ఇప్పుడే అవసరం లేదని డాక్టరుగారు అంటారేమో. ఆయన మీ తాతయ్య కాలు చూడలేదు.

మీ అమ్మకి నేను చెప్పను. వచ్చే ఆదివారం దాకా. ఆ లోపు నువ్వే ఫోన్ చేసి చెప్పు. ఏడుస్తుంది, ఒక పూట. ఆ తర్వాత మెంతులు, కాకరకాయ పొడి, ఎవరో చెప్పిన ఆకు రసం మీ ఇంటికి పార్సిల్లో వస్తాయి. వచ్చినవన్నీ వాడక్కర్లేదు, అందాయని చెప్పు చాలు. సోమవారం నుంచి పొద్దున ఏడింటికి నేను నా అంకె పంపుతాను, నువ్వు ఎంతసేపు నడిచావో పంపు. నడవని రోజు నడవలేదని పంపు. నేనేమీ అనను.

ఇవాళ నాది 148. ఎందుకంటే నిన్న సాయంత్రం ఆత్రేయపురం నుంచి ఎవరో పూతరేకులు తెస్తే, మీ అత్తయ్య గుడికి వెళ్ళిన టైములో రెండు తిన్నాను. ఈ కాగితం ఫోటో తీసేది తనే కాబట్టి తనకీ ఇప్పుడే తెలుస్తుంది.

మీ మావయ్య